పాల దారి పూడకుండా



మా క్యాంపు సింధనూరు తాలూకాలో ఉంది. తుంగభద్ర ఎడమ కాలువ మీద, ఒక డిస్ట్రిబ్యూటరీకి, అంటే పిల్ల కాలువకు, చిట్టచివర. మునిరాబాదు దగ్గర బయల్దేరిన పెద్ద కాలువ గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు 227 కిలోమీటర్లు నడుస్తుంది. 1953 తర్వాత ఆ నీళ్ళను నమ్ముకొని గుంటూరు నుంచి, కృష్ణా నుంచి, పశ్చిమ గోదావరి నుంచి మా తాతలు ఇక్కడికి వచ్చారు. తుమ్మచెట్లు కొట్టి, నల్లరేగడి చదును చేసి, వరి నాటారు. నేను ఆ క్యాంపులోనే పుట్టి, అక్కడి బడిలో చదువుకొని, తర్వాత వైద్యం చదివాను.

చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఏటా డ్యాం నుంచి నీళ్ళు వదిలే ముందు మా ఊరి మగవాళ్ళు పారలు పట్టుకొని పంట కాలువలోకి దిగేవాళ్ళు. నాన్న మోకాళ్ళదాకా బురదలో నిలబడి తూటికాడ పీకి గట్టు మీదకు విసిరేవాడు. వేళ్ళతో సహా వస్తేనే వచ్చినట్టు, లేకపోతే పది రోజుల్లో మళ్ళీ చిగురేస్తుంది. అడుగున మేట వేసిన ఒండ్రును గంపలతో మోసేవాళ్ళు. నేను ఒకసారి అడిగాను, గవర్నమెంటువాళ్ళు తవ్విన కాలువ కదా, మనమెందుకు ఇంత కష్టపడాలి అని. "తవ్వినోడు వెళ్ళిపోయాడమ్మా, పూడిక మనది" అన్నాడు నాన్న, తలెత్తకుండా.

మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం, మైక్రోస్కోపు కింద రొమ్ము కణజాలం చూసిన రోజు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. గులాబిరంగు వేసిన పలుచని ముక్క. అందులో అక్కడక్కడా గుండ్రని రంధ్రాలు, చుట్టూ ఒకటి రెండు వరుసల కణాలు, ఇటుకలు పేర్చిన బావి ఒరలాగా. మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటే పాలు నడిచే దారి. ఈ బోలు ఎలా ఏర్పడింది? ఏర్పడ్డాక ముప్ఫై, నలభై ఏళ్ళపాటు మూసుకుపోకుండా ఎలా ఉంటోంది? ఈ రోజు ఆ సంగతే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఒక మాట. మా ఇళ్ళలో రొమ్ము అనే మాట పైకి అనరు. "ఛాతీ దగ్గర", "ఇక్కడ", "పైన" అంటారు. నా దగ్గరికి వచ్చే అక్కలు కూడా మొదట వెన్నునొప్పి అనో, నీరసం అనో మొదలుపెట్టి, పదినిమిషాల తర్వాత, చీర కొంగు సర్దుకుంటూ అసలు సంగతి చెబుతారు. నేను ఈ రేడియోలో రొమ్ము అనే అంటాను. చేతికీ కాలికీ పేరున్నట్టే దీనికీ పేరుంది.

రొమ్ము తయారీ తల్లి కడుపులోనే మొదలవుతుంది. ఐదారు వారాల పిండంలో, ఆడపిల్లయినా మగపిల్లాడయినా, చంక నుంచి తొడ మొదలు దాకా చర్మం మీద రెండు పక్కలా సన్నని గీతల్లాంటి మందం కనిపిస్తుంది. పాల గీత అంటారు దాన్ని. కుక్కకూ పందికీ ఆ గీత పొడవునా చన్నులు వస్తాయి. మనిషిలో ఛాతీ దగ్గర ఒక జత మాత్రం మిగిలి, తక్కినదంతా మాసిపోతుంది. మిగిలిన ఆ చుక్క దగ్గర చర్మం లోపలికి మొగ్గలాగా దిగి, అక్కడి నుంచి పదిహేను, ఇరవై పోగులుగా చీలుతుంది. చెట్టు వేళ్ళు మట్టిలోకి దిగినట్టు కొవ్వులోకి పాకుతాయవి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆ వేళ్ళు మొదట గట్టివి. నిండుగా కణాలతో కూరి ఉన్న తాళ్ళు. లోపల దారి లేదు. కాలువ అయితే మనం మట్టి తీసుకుంటూ పోతాం, తవ్వినంత మేరా దారి ఏర్పడుతుంది. శరీరం అలా చెయ్యదు. ముందు నిండు తాడును పేని, ఆ తర్వాత దాన్ని లోపలి నుంచి బోలు చేస్తుంది. గర్భం చివరి మూడు నెలల్లో, తల్లి మావి నుంచి వచ్చే హార్మోన్ల ప్రభావంతో ఈ పని జరుగుతుంది. బిడ్డ పుట్టేనాటికి చనుమొన దాకా సన్నని నాళాలు తెరుచుకొని ఉంటాయి.

తెరుచుకున్నాయనడానికి రుజువు మన ఇళ్ళలోనే కనిపిస్తుంది. పురిటి ఇంట్లో మంత్రసాని అవ్వో, అమ్మమ్మో పీట మీద కూర్చొని, చాచిన కాళ్ళ మీద బిడ్డను బోర్లా, వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు పోస్తుంది. నూనె రాసి, సున్నిపిండి పెట్టి, ముక్కు తీరు చేసి, తల గుండ్రంగా వత్తుతుంది. ఆ వత్తడంలో రెండు వేళ్ళతో బిడ్డ చన్నును కూడా నొక్కి చూస్తుంది. తెల్లని చుక్క వస్తుంది. "పాలు తీసెయ్యాలి, లేకపోతే గడ్డకడుతుంది" అంటుంది. మగపిల్లాడికైనా వస్తుంది. ఇది దిష్టీ కాదు, దోషమూ కాదు. తొమ్మిది నెలలు తల్లి హార్మోన్లలో నానిన ఆ చిన్ని నాళాలు, పుట్టాక ఆ హార్మోన్లు తగ్గిపోగానే నాలుగు చుక్కల పాలు కారుస్తాయి, అంతే. చన్ను దగ్గర వాపు ఉంటే కొద్ది వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అవ్వలకు చేతులెత్తి నమస్కరించి చెబుతున్నాను, పిండకండి. చేతి గోళ్ళ కింది మట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి వెళ్ళి చీము పట్టిన పసిగుడ్డులను నేను చూశాను. ఒక ఆడపిల్లకు పదకొండు రోజుల వయసులో చీము తియ్యడానికి కోత పెట్టాల్సి వచ్చింది. ఆ కోత పడ్డ చోటే రేపు ఆమె రొమ్ము పెరగాల్సిన మొగ్గ ఉంది. ఆ తల్లి ముఖం నాకు ఇంకా కళ్ళకు కడుతూనే ఉంది.

తర్వాత పది, పన్నెండేళ్ళు ఆ నాళాలు పెద్దగా కదలవు. పెద్దమనిషి అయ్యే వయసులో అండాశయాల నుంచి ఈస్ట్రోజెన్ వచ్చాక మళ్ళీ సాగుతాయి. ఈ సాగడాన్ని శాస్త్రవేత్తలు ఎలుకల్లో బాగా గమనించారు. ప్రతి కొమ్మ కొసనా ఒక ఉబ్బిన మొగ్గ ఉంటుంది. దాని బయటివరుస కణాలు ముందుకు తోసుకుపోతాయి. మొగ్గ లోపల మాత్రం కణాలు గుంపుగా కిక్కిరిసి ఉంటాయి. ఆ గుంపులో నడిమివి ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతుంటాయి. మొగ్గ ముందుకు జరుగుతుంది, వెనక బోలు మిగులుతుంది.

చచ్చిపోవడం అంటే కుళ్ళడం కాదు. 1972లో స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఈ తీరు మరణానికి ఒక పేరు పెట్టారు, అపాప్టోసిస్ అని. గ్రీకు మాట అది. ఆకులు రాలడం అని అర్థం. కణం తనంతట తాను ముడుచుకుంటుంది, లోపలి సామానును చిన్న చిన్న మూటలు కట్టుకుంటుంది, పక్క కణాలు ఆ మూటలను మింగేస్తాయి. వాపు రాదు, చీము రాదు, మచ్చ మిగలదు. శిశిరంలో వేపచెట్టు ఎంత ప్రశాంతంగా ఆకు వదులుతుందో అంత ప్రశాంతంగా.

అయితే ఏ కణం చావాలి, ఏది బతకాలి అని ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం. ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసిన భాగం ఇదే.

రొమ్ము కణాలను గాజు పళ్ళెంలో పెంచితే అవి నేల మీద ఒలికిన పిండిలాగా పలచగా పరుచుకుంటాయి. నాళమూ కట్టవు, బోలూ చెయ్యవు. ఇరాన్‌లో పుట్టి అమెరికాలోని బర్క్లీలో పనిచేసిన మీనా బిస్సెల్ అనే శాస్త్రవేత్త, ఆ కణాల్లో లోపం లేదు, వాటికి మనం ఇచ్చిన నేలలోనే లోపం ఉంది అంది. శరీరంలో ప్రతి నాళం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. పునాది పొర అందాం. కణాలన్నీ దాని మీదే కాళ్ళు ఆనించి నిలబడతాయి. ఆ పొరలాంటి మెత్తని జిగురులో కణాలను నాటితే ఏమవుతుంది? 1992లో డెన్మార్కు శాస్త్రవేత్త ఓలె పీటర్సన్‌తో కలిసి బిస్సెల్ బృందం చూపించింది. మామూలు రొమ్ము కణాలు ఆ జిగురులో చిన్న చిన్న గుండ్రని బుడగలు కట్టుకున్నాయి. క్యాన్సర్ కణాలు మాత్రం అడ్డదిడ్డంగా పెరిగిపోయాయి. అంతదాకా ఒకే తీరుగా కనిపించిన రెండు రకాల కణాలు, సరైన నేల దొరకగానే వేటి గుణం అవి బయటపెట్టాయి.

ఆ బుడగ కట్టడాన్ని రోజులవారీగా చూసినవాళ్ళు హార్వర్డ్ వైద్య కళాశాలలో జోన్ బ్రుగ్గె దగ్గర పనిచేసిన జయంత దేవనాథ్ తదితరులు. 2002లో సెల్ అనే పత్రికలో వాళ్ళ పని వచ్చింది. వాడిన కణాలు అంతకు చాలా ఏళ్ళ ముందు మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో, క్యాన్సర్ లేని ఒక మహిళ రొమ్ము నుంచి పెంచినవి. జిగురులో ఒక్క కణం వేస్తారు. అది రెండవుతుంది, నాలుగవుతుంది, కొద్ది రోజుల్లో నిండు ముద్ద అవుతుంది, గోలీ కాయలాగా. వారం గడిచేసరికి బయటి వరుసలో ఉన్న కణాలన్నీ ఒక తీరుకు వస్తాయి. కాళ్ళు పునాది పొర వైపు, ముఖం లోపలి వైపు. నడుమ ఇరుక్కున్న కణాలకు పునాది అందదు. అవి ముడుచుకోవడం మొదలుపెడతాయి. రెండు, మూడు వారాలకు గోలీ కాయ కాస్తా నీటి బుడగలాగా బోలుగా మిగులుతుంది.

వాళ్ళు అక్కడితో ఆగలేదు. ఆ బోలును పూడ్చాలంటే ఏం చెయ్యాలో చూశారు. ముందు కణాలు చావకుండా అడ్డుకున్నారు. బోలు కొన్నాళ్ళు ఆలస్యమైంది గాని చివరికి ఏర్పడింది. తర్వాత కణాలు ఎక్కువగా పుట్టేలా చేశారు. పుట్టినన్ని పుట్టాయి, లోపలికి జరిగినన్ని చచ్చిపోయాయి, బోలు అలాగే ఉంది. రెండూ ఒకేసారి చేశారు. అప్పుడు పూడిపోయింది. పుట్టుక పెరగాలి, చావు ఆగాలి, రెండూ జరిగితేనే నాళం మూసుకుంటుంది. శరీరం ఒక తలుపుకు రెండు గడియలు వేసి పెట్టింది. ఒకటి విరిగినా రెండోది ఆపుతుంది. హెర్-2 అనే ఒక జన్యువు మితిమీరి పనిచేస్తే మాత్రం ఆ ఒక్కటే రెండు గడియలనూ తీసేస్తుంది. పరీక్ష రిపోర్టులో "హెర్-2 పాజిటివ్" అనే మాట చూసినవాళ్ళు మన శ్రోతల్లో ఉంటారు. ఆ మాటకు అర్థం ఇదే. దానికి మందు 1998లో అమెరికాలో ఆమోదం పొందింది. 2014లో బెంగళూరులోని బయోకాన్ కంపెనీ అదే తరహా మందును మన దేశంలో తక్కువ ధరకు అమ్మకానికి తెచ్చింది.

నేల అందని కణం ఎందుకు చావాలి? 1994లో అమెరికాలో ఫ్రిష్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఈ చావుకు వేరే పేరు పెట్టారు, అనోయికిస్ అని. అదీ గ్రీకే. ఇల్లు లేకపోవడం అని అర్థం. కాళ్ళు పునాది మీద ఆని ఉన్నంతసేపూ కణానికి కింది నుంచి "బతుకు, బతుకు" అనే కబురు అందుతూనే ఉంటుంది. ఆ పట్టు జారిన మరుక్షణం కబురు ఆగిపోతుంది. తర్వాత ఇంకొకటి కూడా తెలిసింది. పట్టు జారిన కణం చక్కెరను లోపలికి తీసుకోలేదు. ఆకలితో శక్తి ఉడిగిపోతుంది. అంటే ఆత్మహత్య ఒక పక్కా, ఆకలిచావు ఒక పక్కా. ఎలుకల్లో ఆ ఆత్మహత్యకు కావలసిన బిమ్ అనే ప్రోటీనును తీసేసినా, ఎదిగే వయసులో నాళాలు కొంతకాలం పూడి ఉండి, తర్వాత మరో దారిన తెరుచుకున్నాయని 2007లో బ్రుగ్గె బృందమే చూపింది. ఆ బోలు శరీరానికి ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించుకోండి. ఒక మనిషి రాకపోతే ఇంకో మనిషి పార పట్టుకుని దిగుతున్నాడు.

పెద్దయ్యాక కూడా ఆ పని ఆగదు. ప్రతి నెలా బహిష్టుకు ముందు హార్మోన్లు పెరిగినప్పుడు నాళాల గోడల్లో కొత్త కణాలు పుడతాయి. రొమ్ములు బరువెక్కి సలపడం మీలో చాలామందికి అనుభవమే. గర్భం రాకపోతే ఆ కొత్త కణాల్లో చాలావరకు మళ్ళీ రాలిపోతాయి. లోపలి వైపు తిరిగిన కణాల ముఖం మీద చక్కెర అణువులు దట్టంగా అంటిన జారుడు ప్రోటీను పూత ఉంటుంది. నాచు పట్టిన బండ మీద కాలు నిలవనట్టు, ఆ పూత మీద ఇంకో కణం అంటుకోదు. ఎదురెదురు గోడలు ఒకదానికొకటి అతుక్కోవు. గోడ బయటి వరుసలో కండరంలాగా ముడుచుకోగల కణాలు చేతులు చాచి నాళాన్ని చుట్టి పట్టుకుంటాయి.

ఆ బయటి కణాల పని బాలింతలకు బాగా తెలుసు. గేదె దగ్గర దూడను వదిలితే నాలుగు గుద్దులు గుద్దగానే గేదె చేపుతుంది. మనిషికీ అంతే. బిడ్డ నోరు పెట్టగానే, ఒక్కోసారి పక్కగదిలో ఏడుపు వినపడగానే, పాలు చేపుకొస్తాయి. మెదడు నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది, ఆ చుట్టు కణాలు ఒక్కసారిగా ముడుచుకుంటాయి, పాలు నాళాల్లోకి తోసుకొస్తాయి. నాళాలు అప్పుడు వెడల్పవుతాయి కూడా. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో పాలిచ్చే తల్లులను స్కానింగులో చూసి 2005లో ఈ సంగతులు రాశారు. 1840లో లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్, బిడ్డకు పాలిస్తూ చనిపోయిన స్త్రీల నాళాల్లోకి రంగు మైనం ఎక్కించి బొమ్మలు గీయించిన నాటి నుంచి పుస్తకాలన్నీ పదిహేను, ఇరవై నాళాలని చెబుతూ వచ్చాయి. పెర్త్‌లో బతికి ఉన్న తల్లుల్లో చూస్తే చనుమొన దగ్గర తెరుచుకునే పెద్ద నాళాలు సగటున తొమ్మిదే. ఒక్కొక్కటి సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పు. పాలు నిలవ ఉండే సంచుల్లాంటివి చనుమొన వెనక ఉంటాయని పుస్తకాల్లో బొమ్మలుండేవి. అవీ కనిపించలేదు. పాలు నాళాల్లో నిలవ ఉండవు. చేపినప్పుడే వస్తాయి. అందుకే బిడ్డకు తరచుగా పట్టమంటాం.

పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయిందని వచ్చే బాలింతలకు ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. లోపల పాలు గడ్డ అయి అడ్డం పడ్డాయని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది అది కాదు. నాళం చుట్టూ కణజాలం వాచి, బయటి నుంచి దారిని నొక్కేస్తుంది. దాన్ని గట్టిగా పిసికితే వాపు పెరుగుతుంది. బిడ్డకు మామూలుగా పాలు పట్టండి, మానెయ్యకండి. చల్లని తడిబట్ట వెయ్యండి. ఒకరోజులో తగ్గకపోయినా, చలి జ్వరం వచ్చినా దగ్గరలో ఉన్న ఆసుపత్రికి రండి.

ఇప్పుడు పూడిక సంగతి.

మా క్యాంపు భూములు కాలువ చివర అని మొదట చెప్పాను. చివరి భూములవాళ్ళకు అందరికంటే ముందు తెలుస్తుంది కాలువకు ఏం జరిగిందో. రొమ్ములో కూడా చాలా క్యాన్సర్లు మొదలయ్యేది నాళాల చిట్టచివర, పాలు తయారయ్యే చిన్న తమ్మెల దగ్గర. అక్కడ రెండు గడియలూ ఊడుతాయి. రాలాల్సిన కణం రాలదు. నేల లేకుండానే బతకడం నేర్చుకుంటుంది. బోలులోకి కణాలు చేరి, వరుస మీద వరుసగా నిండుతూ వస్తాయి. నాళం ఉబ్బుతుంది. నడుమ ఉన్నవాటికి రక్తం అందక కుళ్ళి, అక్కడ సున్నం పేరుకుంటుంది. మామోగ్రాం అనే ఎక్స్‌రేలో ఇసుక చల్లినట్టు కనిపించే తెల్లని చుక్కల్లో కొన్ని ఆ సున్నమే. పునాది పొర ఇంకా చెదరలేదు కాబట్టి కణాలు బయటికి పోలేదు. డాక్టర్లు దీన్ని సున్నా దశ అంటారు. చేతికి గడ్డ తగలకపోవచ్చు, నొప్పి ఉండదు. ఈ దశలో దొరికితే, ఆపరేషను చేయించుకున్న వాళ్ళలో అత్యధికులు పూర్తిగా బాగుపడతారు. గట్టు తెగక ముందే పూడిక తీసినట్టు. పొర తెగి కణాలు చుట్టుపక్కల కొవ్వులోకి, అక్కడి నుంచి చంకలోని గ్రంథుల్లోకి పోతే వైద్యం పెద్దదవుతుంది, ఖర్చూ పెద్దదే. అప్పుడూ వైద్యం ఉంది. మందులు చాలా వచ్చాయి. 1976 నుంచి రొమ్ము క్యాన్సర్‌కు దశాబ్దాలపాటు వాడిన మూడు మందుల కలయికలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మా క్యాంపులో సగం కుటుంబాల మూలాలు ఆ చుట్టుపక్కల ఊళ్ళే.

గత సంవత్సరం ఒక పెద్దమ్మ వచ్చింది. పత్తి ఏరే చేతులు, వేళ్ళ చివర్లన్నీ గీతలు పడి ఉన్నాయి. రవికె మీద గోధుమరంగు మరక. "రెండు నెలలుగా ఒక్క పక్కే అవుతోందమ్మా. మరక పడుతోందని లోపల గుడ్డ పెట్టుకుంటున్నా" అంది. ఎవరికైనా చెప్పావా అంటే, కోడలికి చెప్పడానికి సిగ్గేసింది అంది. పిండకుండానే, ఒకే రంధ్రం నుంచి రక్తపు చుక్క వస్తోంది. అటువంటి స్రావానికి ఎక్కువసార్లు కారణం నాళంలో మొలిచిన చిన్న పులిపిరి లాంటిది, అది క్యాన్సర్ కాదు. ఆమెకూ అదే. తీసేశారు, ఇప్పుడు బాగుంది. కాని అది ఏదో చూడకుండా చెప్పగలిగే డాక్టరు ఎవరూ లేరు. ఆ రెండు నెలలు ఆమె ఒంటరిగా భయపడింది చూశారా, అది నాకు ఇంకా బాధగా ఉంది.

ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు 1998లో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. మురికివాడల్లో ఉండే 1,51,538 మంది స్త్రీలు. సగంమందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రాం లేదు, యంత్రం లేదు, ఉత్త చెయ్యి. ఇరవై ఏళ్ళు చూసి 2021లో ఫలితం ప్రకటించారు. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైలోపు వాళ్ళలో అంత తేడా రాలేదు, అదీ దాచకుండా రాశారు. ఖరీదైన యంత్రాలు లేని మన తాలూకాలకు ఇంతకంటే మంచి కబురు నాకు తెలియదు.

ముప్ఫై దాటిన ప్రతి స్త్రీకీ ఐదేళ్ళకొకసారి ఈ చేతి పరీక్ష చెయ్యాలని మన ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. బీపీ, షుగరు చూసేచోటే ఇదీ చూస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ఆమె పరాయిది కాదు, మీ వీధి మనిషే. రాయచూరులో రిమ్స్ ఆసుపత్రి ఉంది, దూరమైతే తాలూకా ఆసుపత్రి ఉంది.

అమ్మలారా, అక్కలారా, స్నానం చేసేటప్పుడు మీ రొమ్మును మీరు ఒకసారి చూసుకోండి. నొప్పి లేని గడ్డ తగిలినా, చర్మం లోపలికి గుంటపడినా, బత్తాయి తొక్కలా మందమైనా, ఎప్పుడూ లేనిది చనుమొన లోపలికి ముడుచుకున్నా, ఒక్క పక్క నుంచే, నొక్కకుండానే, నీరో రక్తమో వచ్చినా, చంకలో బిళ్ళ కట్టినా, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. ఇంట్లో మగవాళ్ళు వింటుంటే వాళ్ళకూ చెబుతున్నాను. ఎరువుల కొట్టుకు, తాలూకా ఆఫీసుకు బండి తీస్తారు కదా. మీ అమ్మనో, భార్యనో ఎక్కించుకొని ఒకరోజు ఆసుపత్రికి తీసుకురండి. కోతలు అయ్యాక వద్దాంలే అనకండి, ఈ వారమే రండి.